జపమాలకు ఇంట్లో చోటు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆదివారం గుడిలో దివ్యబలిపూజకు వెళ్తున్నప్పుడు, పూసలు తిప్పుతూ మరియమ్మతో కలిసి ప్రార్థించే జపమాల కూడా ఇంట్లో అవసరమా అని అడిగావు. చెప్పేటప్పుడు మనసు నిలవడం లేదని బాధపడ్డావు. ఒకే ప్రార్థనను అన్నిసార్లు చెప్పడం ఎందుకని లూథరన్ కుటుంబంలో పుట్టిన అల్లుడుగారు మర్యాదగానే అడిగారని కూడా రాశావు. చాలాకాలం విశ్వాసపాఠాలు చెప్పి ప్రార్థనలు నడిపే ఉపదేశిగా పల్లెల్లో తిరిగినవాణ్ణి గనుక ఈ మూడు ప్రశ్నలనూ నేను ఎన్నో ఇళ్లలో విన్నాను.

మొదట దేని స్థానం ఏదో స్పష్టం చేసుకుందాం. క్రైస్తవ జీవితానికి శిఖరమూ ఊటా ఆరాధనక్రమమేననీ, ఇతర భక్తిక్రియలన్నీ దానితో పొంది దాని వైపే విశ్వాసులను నడిపించాలనీ మన కతోలిక పీఠాధిపతుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1963లో చెప్పింది. కాబట్టి జపమాల ఎన్నడూ పూజకు బదులు కాదు, పూజ జరుగుతుండగా చెప్పుకోవలసిందీ కాదు. ఆరవ పౌలు పాపుగారు (పోప్) 1974లో రాసిన లేఖలో ఈ రెండో సంగతిని పొరపాటని తేటగానే చెప్పారు. మీ అమ్మమ్మ తరంవారు పూజలో పూసలు తిప్పుతూ కూర్చునేవారంటే, ఆ రోజుల్లో పూజ లాటిను భాషలో సాగేదన్న సంగతి గుర్తుంచుకో. వారిని తప్పుపట్టకు. నీకు మాత్రం పఠనాలు, ప్రార్థనలు తెలుగులోనే వినిపిస్తున్నాయి గనుక, ఆ గంటసేపు జపమాలను సంచిలోనే ఉంచి చెవులు అక్కడ పెట్టు.

అలాగని జపమాలను అదనపు అలంకారంగా చూడవద్దు. పూజ చేసే గురువులు ఎప్పుడో ఒకసారి గాని రాలేని ఊళ్లలో, సాయంత్రం గుడిలో దీపం పెట్టి, ఉపదేశి ముందు చెప్పగా చదువురాని తల్లులు వెనుక అందుకున్న ఆ జపమే క్రీస్తు జననాన్ని, శ్రమలను, ఉత్థానాన్ని వారికి కంఠస్థం చేసింది. నూట యాభై కీర్తనలను చదవలేని సామాన్యులకు మరియమ్మకు వందనం చెబుతూ పూసపూసకూ పలికే మంగళవార్త జపాలు నూట యాభై ఆసరా అయ్యాయని పెద్దలు చెప్పే మాటకు నేను ఆ ఊళ్లలోనే నిదర్శనం చూశాను. ఎవరైనా చనిపోయిన ఇంట రాత్రంతా ఏం మాట్లాడాలో ఎవరికీ తోచనప్పుడు కూడా, “ఇప్పుడును మా మరణ సమయమందును” అన్న మాటలే అందరి నోటా వచ్చేవి.

ఇక అల్లుడుగారి ప్రశ్న. అన్యులవలె వ్యర్థమైన మాటలు పెంచవద్దని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 6:7) ఆయన మనసులో ఉండి ఉంటుంది. అది మనం తప్పించుకోకూడని మాట. ప్రభువు అక్కడ కాదన్నది మాటల సంఖ్యతో దేవుణ్ణి ఒప్పించవచ్చన్న భ్రమను. గెత్సెమనె తోటలో ఆయనే మూడోసారి కూడా అవే మాటలతో ప్రార్థించాడని అదే సువార్త (26:44) చెబుతోంది. 136వ కీర్తనలోని ఇరవై ఆరు చరణాలూ దేవుని కృప శాశ్వతమన్న ఒకే పల్లవితో ముగుస్తాయి. మంగళవార్త జపంలో మొదటి సగం గబ్రియేలు దూత పలుకు, ఎలిజబెతమ్మ పలుకు కలిసి ఏర్పడింది. లూకా సువార్త మొదటి అధ్యాయం తెరిచి 28, 42 వచనాలు ఆయనకు చూపించు. ఫ్రాన్సులోని లూర్దులో 1858లో మరియమ్మ దర్శనం పొందిన బెర్నదెత్తు అనే అమ్మాయి తాను చూసిన దానిని వివరిస్తూ, తాను జపమాల చెబుతుంటే ఆ తల్లి పూసలు తిప్పిందే గాని పెదవులు కదపలేదని చెప్పింది. మరియమ్మ తన స్తుతిని తాను చెప్పుకోలేదు, బిడ్డ ప్రార్థనకు తోడుగా నిలిచింది. ఇంత వివరించాక వాదన పెంచవద్దు, బలవంతం అసలే వద్దు. ప్రభువు నేర్పిన పరలోక జపం ఇద్దరూ కలిసి చెప్పండి, మిగిలినచోట ఆయన మౌనంగా కూర్చున్నా చాలు.

మనసు నిలవకపోవడానికి కారణం చాలాసార్లు భక్తి తక్కువ కావడం కాదమ్మా, మనసుకు చూడడానికి మనం ఏమీ ఇవ్వకపోవడమే. ధ్యానం లేని జపమాల ఆత్మ లేని శరీరం వంటిదని ఆరవ పౌలు పాపుగారే హెచ్చరించారు. దేవరహస్యం, అంటే ప్రతి పది పూసలకూ ధ్యానించే క్రీస్తు, మరియమ్మల జీవిత ఘట్టం, పేరు చెప్పగానే ఆ పది పూసలు గబగబా దాటించేస్తే మిగిలేది అలసటే. అందుకు బదులు, సంతోష దేవరహస్యాలలో రెండవది, మరియమ్మ ఎలిజబెతమ్మను దర్శించడం, తీసుకో. ముందుగా లూకా 1:39 నుండి 56 వరకు నెమ్మదిగా చదివి, కాసేపు ఊరుకో. మొదటి పూసల దగ్గర యూదయ కొండసీమకు త్వరపడి నడుస్తున్న ఆ పడుచుపిల్లను చూడు. తరువాత గడపలో వినిపించిన వందనాన్ని, ముసలితనంలో గర్భవతి అయిన ఆ తల్లి కడుపులో శిశువు గంతులు వేయడాన్ని తలుచుకో. “స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు” అని నీ నోట వస్తున్న మాట మొదట ఆ ఇంట్లో, ఆ వృద్ధురాలి నోట పుట్టిందే. చివరి పూసల దగ్గరకు వచ్చేసరికి, మరియమ్మ అక్కడ సుమారు మూడు నెలలు ఉండిపోయిందన్న వాక్యం మీద నిలబడు. మీ అపార్ట్‌మెంటులో నెలలు నిండుతున్న అమ్మాయి ఎవరైనా ఉంటే, ఆమె ఇంటి తలుపు తట్టాలన్న ఆలోచన అప్పుడు వస్తుంది. అది పరధ్యానం కాదు, దాన్ని తోసేయకు.

ఉచ్చారణలో కూడా ఒక జాగ్రత్త ఉంది. రెండవ జాన్ పాల్ పాపుగారు 2002లో జపమాల గురించి రాసిన లేఖలో, మంగళవార్త జపానికి కేంద్రబిందువు యేసు నామమేనని గుర్తుచేశారు. “మీ గర్భఫలమగు యేసు” దగ్గర ఒక్క ఊపిరి ఆగు. ఆ ఆగడం వల్ల వేగం దానంతట అదే తగ్గుతుంది.

ఐదు దేవరహస్యాలూ మొదటి రోజే పూర్తిచేయాలని పట్టుపట్టకు. ఒక్కటి శ్రద్ధగా చెప్పి లేవడం మేలు. సమయం మాత్రం మార్చకు. రాత్రి పడక మీద చేరాక మొదలుపెడితే నిద్ర వస్తుంది గనుక, భోజనానికి ముందు పెట్టుకుని, ఫోన్లు వేరే గదిలో ఉంచండి. మాలను కారులో అద్దానికి వేలాడదీసి, అదే కాపాడుతుందనుకోవడం, పరీక్ష పాసైతే ఇన్ని మాలలని మొక్కుకోవడం మన వాళ్లలో కనిపిస్తాయి. ఆ దారిన పోవద్దు. ఆశీర్వదించిన మాలకు మర్యాద ఇవ్వాలి, అయితే అది తాయెత్తు కాదు.

రోజుల క్రమం నీకు తెలిసిందే. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ, బుధ, ఆదివారాలు మహిమ. గురువారానికి వెలుగు దేవరహస్యాలను జాన్ పాల్ పాపుగారు ఆ 2002 లేఖలోనే చేర్చారు. వాటిలో ఐదవది దివ్యసత్ప్రసాద స్థాపన, అంటే కడరా భోజనం వేళ ప్రభువు రొట్టెను, ద్రాక్షరసాన్ని తన శరీర రక్తాలుగా ఇవ్వడం. నా సలహా వింటే ఈ గురువారమే, ఆ ఒక్క దేవరహస్యంతోనే మొదలుపెట్టు. లూకా 22:14 నుండి 20 వరకు అల్లుడుగారిని చదవమను, ఆ పది పూసలూ నువ్వు చెప్పు. ఆదివారం పూజలో గురువులు అవే మాటలు పలికినప్పుడు, వారం మధ్యలో ఇంట్లో చేసిన ధ్యానం ఎటు నడిపిస్తుందో నీకే తెలుస్తుంది. ఆ తరువాత సందేహాలు వస్తే మళ్లీ రాయి.

మీ అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య