350 ఎఫ్‌పీఎస్ (సెకనుకు అడుగుల వేగం) లోపు ఉంటే ఎయిర్‌సాఫ్ట్ గన్ సేఫేనా?

కాదు. ఏ బరువు బీబీతో (ఈ గన్ పేల్చే చిన్న ప్లాస్టిక్ గుండు) కొలిచారో చెప్పకుండా 350 అంటే ఆ అంకెకు విలువే లేదు. 0.20 గ్రాముల బీబీతో 350 అంటే దాదాపు 1.14 జౌళ్ల శక్తి. అదే వేగంతో 0.32 గ్రాములది వస్తే 1.8 పైమాటే. జపాన్‌లో 6 మి.మీ. బీబీకి హద్దు 0.98 జౌళ్లు. బ్రిటన్‌లో ఆటోమేటిక్‌కి 1.3, సింగిల్ షాట్‌కి 2.5. రెండుచోట్లా లెక్క శక్తిలోనే.

నాకిది పన్ను విరిగాక బుర్రకెక్కింది. మా జట్టులో ఒకతనిది గ్యాస్ రైఫిల్. పొద్దున క్రోనో (బీబీ వేగం కొలిచే యంత్రం) దగ్గర 0.20తో పెడితే 350 లోపే వచ్చింది, పాస్ చేసి స్టిక్కర్ అంటించారు. మధ్యాహ్నం 0.32 నింపిన మాగజైన్ ఎక్కించాడు. నేను గోడ మలుపు తిరిగేసరికి అతను నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. టప్ మన్న చప్పుడు తలలోపలే వినిపించింది. నాలుకతో తడిమితే పై ముందు పన్ను అంచు గరుగ్గా తగిలింది, ముక్క గ్లవ్ మీద పడింది. గాగుల్స్ ఉన్నాయి, కింది మొహానికి పెట్టుకోవాల్సిన జాలీ మాస్క్ మాత్రం ఉక్కపోస్తోందని బ్యాగులోనే వదిలేశాను.

అదే మాగజైన్‌తో మళ్లీ కొలిస్తే 310 వచ్చింది. "చూశావా, తగ్గింది కదా" అన్నారందరూ. కాగితం మీద వేసి చూపించాను: 1.43 జౌళ్లు! బరువైన బీబీ బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, అంతసేపూ గ్యాస్ నెడుతూనే ఉంటుంది. దీన్నే జౌల్ క్రీప్ అంటారు. గ్యాస్ గన్‌లు పాస్ చేసేవాళ్లకే ఇది తెలియకపోతే ఎలా?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆవిరి పట్టిందని ఆట మధ్యలో గాగుల్స్ పైకెత్తి తుడుచుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పన్నుకైతే క్యాప్ వేయించుకున్నాను, కంటికి ఏం వేయిస్తారు? మాగజైన్ తీసేశాం కాబట్టి గన్ ఖాళీ అనుకునేవాళ్లూ అంతే. ఛాంబర్‌లో ఒక బీబీ మిగిలి ఉండొచ్చు. నేల వైపు ఒకటి రెండు పేల్చి, సేఫ్టీ వేసి, బ్యారెల్ కవర్ తొడిగాకే సేఫ్ జోన్‌లోకి (గాగుల్స్ తీసే చోటికి) రావాలి.

మీ గన్ సంగతికొస్తే, ఆ రోజు ఆడబోయే బీబీతోనే క్రోనో చేయించండి, ఫలితం జౌళ్లలో అడగండి. హద్దులోనే ఉన్నా దగ్గరి నుంచి మొహం మీదికి పేల్చకండి. నా పన్ను విరగ్గొట్టింది 1.43 మాత్రమే.