చందాదారులు పెరిగితే లాభం వచ్చినట్టేనా?

ప్రశ్న: అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఈ పంటలో 3 లక్షలు మిగిలాయి. పది రూపాయల దగ్గర ఆడుతున్న వొడాఫోన్ ఐడియా షేరు కొనమంటున్నారు. ఊరూరా 5జీ వస్తోంది, కస్టమర్లు పెరుగుతున్నారు కదా, లాభం రాదా? (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: గుంటలో పిల్ల ఎంత వదిలారన్నది ఒక లెక్క, ఏ కౌంట్‌కు (కిలోకు ఎన్ని రొయ్యలు) పట్టారు, కిలో ఎంత పలికిందన్నది ఇంకో లెక్క. టెలికాంలో ఆ రెండో లెక్క పేరు ఆర్పు. అంటే ఒక్కో కస్టమర్ నుంచి నెలకు సగటున వచ్చే రాబడి.

2024 జులైలో రీచార్జి ధరలు పెరిగాక మూడు నెలల్లో జియో కస్టమర్లు 48.97 కోట్ల నుంచి 47.88 కోట్లకు తగ్గారు. ఆర్పు మాత్రం 181.7 రూపాయల నుంచి 195.1కి పెరిగింది. గుణించి చూడండి: కోటి మందికి పైగా పోయినా నెల రాబడి ఉజ్జాయింపుగా 440 కోట్లు పెరిగింది. టవరు, ఫైబరు ఖర్చు ముందే పెట్టేసి ఉంటుంది కాబట్టి పెరిగిన ధరలో చాలాభాగం మిగులుతుంది.

దెబ్బ కొట్టేది పెట్టుబడి. 2022 వేలంలో ఒక్క స్పెక్ట్రమ్‌కే (ఫోన్ సిగ్నళ్లకు ప్రభుత్వం వేలం వేసే రేడియో తరంగాలు) జియో 88,078 కోట్లకు, ఎయిర్‌టెల్ 43,084 కోట్లకు పాడాయి. 4జీకి పెట్టింది పూర్తిగా రాబట్టకముందే 5జీకి పెట్టాల్సి వచ్చింది. వొడాఫోన్ ఐడియాకు 2023-24లో 20 కోట్లకు పైగా కస్టమర్లున్నా ఆ ఏడాది నష్టం 31,238 కోట్లు. ప్రభుత్వ బకాయిలు తీర్చలేక 2025లో 36,950 కోట్ల బాకీకి బదులు షేరు 10 రూపాయల లెక్కన ప్రభుత్వానికే షేర్లిచ్చింది. రేపు లాభమొచ్చినా ఇలా పెరిగిన షేర్లన్నిటికీ పంచాలి. పది రూపాయలకు వస్తోంది కాబట్టి చవక అనుకోవద్దు.

కొనేముందు కంపెనీ త్రైమాసిక ఫలితాలు తెరవండి. ఎబిటా (వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం) చూసి మురిసిపోవద్దు. టవర్ల అద్దెలో చాలావరకు అందులో తీసేయరు, అది కింద తరుగుదల, వడ్డీల్లో కలిసిపోతుంది. వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి నెట్‌వర్క్ ఖర్చు, టవర్ అద్దెలు, వడ్డీ, స్పెక్ట్రమ్ వాయిదాలు తీసేయండి. నాలుగు త్రైమాసికాలు వరసగా ఏమైనా మిగిలితేనే ఆలోచించండి. కస్టమర్ల సంఖ్య కూడా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలవారీ నివేదికలో వాడకంలో ఉన్న కనెక్షన్లదే తీసుకోండి. మూలన పడిన రెండో సిమ్ డబ్బు తేదు.

మీ 3 లక్షల్లో వచ్చే పంటకు పిల్ల, మేత, కరెంటు ఖర్చు ఎంతో ముందు విడిగా తీసి బ్యాంకులో ఉంచండి. రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చి పంట పోయిన నెలలోనే షేరు కూడా పడి ఉంటే నష్టానికి అమ్ముకోవాల్సి వస్తుంది. మిగిలినదాంట్లో ఐదేళ్లు ముట్టుకోనన్న సొమ్ములోనే, అదీ 30 వేలు దాటకుండా, ఈ రంగంలో పెట్టండి.