న్యాయ సలహా: అమ్మకు అమెరికా జ్యూరీ సమన్లు

ప్రశ్న: మా తమ్ముడు టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. వాడు దరఖాస్తు చేసిన మీదట మా అమ్మకు గ్రీన్ కార్డు వచ్చింది. ఎక్కువ కాలం వాడి దగ్గరే ఉంటుంది, మధ్యలో ఇక్కడికి వచ్చి పోతుంటుంది. ఇప్పుడు ఆమె మా ఇంట్లో ఉండగా, జ్యూరీ విధులకు హాజరు కావాలని అక్కడి కౌంటీ (మన జిల్లా వంటిది) కోర్టు నుంచి తమ్ముడి చిరునామాకు సమన్లు వచ్చాయి. అమ్మకు ఇంగ్లీషు రాదు. జవాబివ్వకుండా ఊరుకోమని కొందరు, ఒంట్లో బాగాలేదని డాక్టరు సర్టిఫికెట్ పంపమని కొందరు అంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీకు అందిన ఆ రెండు సలహాలూ పాటించవద్దు. జ్యూరీ అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం. అమెరికాలో అందులో కూర్చునే అర్హత ఆ దేశ పౌరులకే ఉంటుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు అక్కడ నివసించవచ్చు, ఉద్యోగం చేయవచ్చు. కానీ పౌరులు కారు కనుక వారికి ఓటు హక్కు గానీ జ్యూరీ బాధ్యత గానీ ఉండవు. అర్హత ఉన్నవారు ఏదో ఇబ్బంది వల్ల మినహాయించమని కోరడం వేరు, అసలు అర్హతే లేదని కోర్టుకు తెలియజేయడం వేరు. మీ అమ్మగారిది రెండవది. డాక్టరు సర్టిఫికెట్ పంపితే అర్హత ఉండి అనారోగ్యం వల్ల రాలేకపోతున్నారన్న అర్థం వస్తుంది, పైగా లేని జబ్బును కోర్టుకు రాతపూర్వకంగా చెప్పినట్లవుతుంది.

పౌరురాలు కాని వ్యక్తికి సమన్లు ఎలా వచ్చాయన్న సందేహం మీకు కలిగే ఉంటుంది. టెక్సాస్‌లో జ్యూరీ పేర్లను ఓటర్ల జాబితాతో పాటు డ్రైవింగ్ లైసెన్సు, రాష్ట్ర గుర్తింపు కార్డు తీసుకున్నవారి జాబితా నుంచి కూడా తీస్తారు. మీ అమ్మగారికి అక్కడి గుర్తింపు కార్డు ఉంటే పేరు అలా వచ్చి ఉంటుంది, అందులో ఆమె తప్పేమీ లేదు. అయితే ఆ కార్డు దరఖాస్తులోనే ఓటరుగా నమోదు కాదలచారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. పక్కనున్నవారు తొందరలో దానికి అవునని గుర్తు పెట్టి ఉంటే మాత్రం వ్యవహారం తేలికగా పోదు. పౌరులం కామంటూ జ్యూరీ నుంచి తప్పుకున్నవారి పేర్లను కోర్టు సిబ్బంది ఓటర్ల నమోదు అధికారులకు పంపాలని టెక్సాస్ చట్టం చెబుతోంది. కాబట్టి మీ తమ్ముడు మొదట ఆమె పేరు ఓటర్ల జాబితాలో ఉందో లేదో చూడాలి. ఉంటే, కోర్టుకు జవాబు పంపే ముందే, సమన్లలో ఇచ్చిన గడువు దాటకుండా, అక్కడి ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని కలవాలి. ఈ ఒక్క విషయంలో ఖర్చుకు వెనకాడవద్దని గట్టిగా కోరుతున్నాను. ఓటరుగా నమోదైతే పౌరులమని చెప్పుకున్నట్లే అవుతుంది. పౌరులమని అబద్ధం చెప్పినవారి విషయంలో 1996 నాటి సవరణ తర్వాత అమెరికా వలస చట్టం చాలా కఠినంగా ఉంది, దేశం నుంచి పంపివేసే అధికారం కూడా ఇస్తుంది.

ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే పని సులువే. సమన్లతో వచ్చిన ప్రశ్నావళిలో పౌరురాలిని కానన్న జవాబు గుర్తించి, అడిగితే గ్రీన్ కార్డు నకలు జతచేసి పంపాలి. కాగితం మీ తమ్ముడు నింపినా, ప్రతి ప్రశ్ననూ అమ్మగారికి తెలుగులో వివరించి, ఆమె చెప్పిన జవాబునే రాయాలి. ఇంగ్లీషు రాకపోవడం కూడా అనర్హతే గానీ, పౌరసత్వం లేదన్న కారణం ఒక్కటే చాలు. సులువుగా తప్పుకోవచ్చని ‘శాశ్వతంగా ఇండియాలోనే ఉంటున్నారు’ అని మాత్రం రాయవద్దు. ఆమె నివాసం డాలస్‌లోనే అయినప్పుడు అది అబద్ధం. అంతేగాక, గ్రీన్ కార్డు నిలవడానికి అమెరికా నివాసమే ఆధారం కాబట్టి, ఆ వాక్యం రేపు ఆమెకే ఎదురు తిరగవచ్చు.

మన కోర్టుల్లోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1959లో బొంబాయిలో నావికాదళ అధికారి నానావతిపై నడిచిన హత్య కేసులో జ్యూరీ 8–1 తేడాతో నిర్దోషి అని చెప్పగా, న్యాయమూర్తి ఒప్పుకోక హైకోర్టుకు నివేదించారు. జ్యూరీ ఆ కేసుతోనే పోయిందని చాలామంది అనుకుంటారు గానీ, దాన్ని ఎత్తివేయాలని లా కమిషన్ 1958లోనే సిఫారసు చేసింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక దానికి చోటు లేకుండా పోయింది.

ప్రశ్న: అమెరికా పౌరుడైన మా అబ్బాయికి ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) కోర్టు నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయి. అదే వారంలో ఇక్కడ మా అమ్మాయి పెళ్లి ఉంది, టికెట్లు కూడా తీసుకున్నాడు. పూర్తిగా మినహాయింపు అడగవచ్చునా? ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందేమోనని కూడా భయపడుతున్నాడు.
— ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మినహాయింపు బదులు వాయిదా అడగమనండి. చెల్లెలి పెళ్లి, ముందే కొన్న టికెట్లు సరైన కారణాలే. శుభలేఖ, టికెట్ల నకళ్లు జతచేసి, తిరిగి వచ్చాక ఫలానా తేదీ నుంచి హాజరు కాగలనని తానే రాస్తే కోర్టు సాధారణంగా అంగీకరిస్తుంది. అనుమతి వచ్చిందని తెలుసుకున్న తర్వాతే విమానం ఎక్కాలి. సరైన కారణం చూపకుండా గైర్హాజరైతే ఫెడరల్ చట్టం ప్రకారం 1,000 డాలర్ల వరకు జరిమానా, 3 రోజుల వరకు జైలు, సమాజ సేవ, వీటిలో ఏదైనా లేదా అన్నీ కలిపి విధించవచ్చు.

ఉద్యోగం గురించి భయపడనక్కరలేదు. ఫెడరల్ జ్యూరీకి వెళ్లాడన్న కారణంతో శాశ్వత ఉద్యోగిని తొలగించడం గానీ బెదిరించడం గానీ చట్టవిరుద్ధం. హాజరైన రోజుకు కోర్టు 50 డాలర్లు ఇస్తుంది. ఆ రోజులకు జీతం ఇచ్చేదీ లేనిదీ కంపెనీ నియమాలను బట్టి ఉంటుంది. పెళ్లి అయ్యాక మాత్రం వెళ్లి కూర్చోమని పెద్దవారిగా మీరే చెప్పండి. తీవ్రమైన నేరాల్లో జ్యూరీ సభ్యులందరూ ఏకాభిప్రాయానికి వస్తే తప్ప దోషిగా నిర్ణయించకూడదని అక్కడి సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంటే మీ అబ్బాయి ఒక్కడికి నమ్మకం కుదరకపోయినా ఒక మనిషిని దోషి అనడానికి వీల్లేదు. అంత విలువైన బాధ్యతను మనవాళ్లు సెలవు దొరకదనో, ఇష్టం లేకనో వదులుకోవడం నాకు బాధగా ఉంటుంది. రేపు ఆ బోనులో నిలబడే వ్యక్తి మన ప్రాంతం నుంచి వెళ్లిన కుర్రవాడే కావచ్చు.

మరొక జాగ్రత్త. జ్యూరీకి రాలేదు, వెంటనే డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తామంటూ ఫోన్లు చేసే మోసగాళ్లు అక్కడ ఎక్కువగా ఉన్నారు. కోర్టులు ఫోన్ చేసి డబ్బు అడగవు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి, కోర్టు అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు తానే ఫోన్ చేసి అడగాలి.