ఒరే చిన్నా, ఆ రెక్కలు అప్పుడే అతికించకు

ఒరే చిన్నా,

ముక్కలు అతికించి రంగేసుకునే బొమ్మ, డ్రాగన్ మీద కూచున్న వీరుడిది కొన్నావంట, డబ్బా విప్పీసి గమ్ము కోసం ఇల్లంతా వెతుకుతున్నావంట, మీ అమ్మ చెప్పింది. ఆగు. గమ్ము తర్వాత, ముందు ఒక్కో ముక్కా చేత్తో పట్టుకుని రేపు రంగేసేటప్పుడు బ్రష్ ఎక్కడికి వెళ్తాది ఎక్కడికి వెళ్లదు అని చూసుకో. డాలు ఛాతీకి అడ్డమొస్తే డాలు విడిగా ఉంచు, వీరుణ్ణి జీను మీద పెట్టకుండానే రంగెయ్యి, రెక్కలూ అంతే. అతికే చోట మాత్రం బ్లూటాక్ (మళ్లీ ఊడొచ్చే మెత్తటి బంక) ముద్ద పెట్టి కప్పీ, రంగు మీద గమ్ము రాస్తే అది రంగుని పట్టుకుంటాది గానీ బొమ్మని పట్టుకోదు. నన్నడిగితే సగం పెయింటింగ్ ఇక్కడే అయిపోద్ది.

ముక్కల్ని ఫ్రేమ్ నుంచి విరిచీకు, నిప్పర్‌తో (చిన్న కటింగ్ ప్లయర్) కాస్త దూరంగా కోసి మిగిలిన బొడిపె తర్వాత చెక్కు. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటాది చూడు, బ్లేడు వీపుతో గీకితే పోద్ది. కనబడదులే అనుకుంటావు, రంగు పడ్డాక ముందు కనబడేది అదే.

ప్లాస్టిక్ బొమ్మైతే ప్లాస్టిక్ సిమెంట్ వాడు, అది రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేసేస్తాది. అచ్చులో పోసి గట్టిపడనిచ్చే రెజిన్ బొమ్మకి అది పనిచెయ్యదు, ఫెవిక్విక్ లాంటిదే కావాలి. రెజిన్‌ని ముందు గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడుగు, అచ్చులోంచి ఊడడానికి రాసిన జిడ్డు ఉంటాది. కత్తి వంకరగా వస్తే వేణ్ణీళ్లలో ముంచి సరిచేసి వెంటనే చన్నీళ్లలో పెట్టు. రుద్దేటప్పుడు మటుకు తడిపి రుద్దు, మాస్క్ పెట్టుకో, ఆ పొడి ఊపిరితిత్తులకి పోకూడదు.

ఇంక ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందేసే పూత. వీడియోల్లో వాళ్లు చెప్పేది వాళ్ల ఊళ్ల గాలికి రా, మన శ్రీకాకుళంలో సముద్రం తేమ ఎప్పుడూ గాలిలోనే ఉంటాది. ముసురు రోజున స్ప్రే కొట్టావంటే బొమ్మంతా నూగు పట్టినట్టు గరుగ్గా అయిపోద్ది, ఇంక ఆ చెక్కుళ్లన్నీ పోయినట్టే. పొద్దున్నే మంచులో కూడా వద్దు, ఎండెక్కాక మేడ మీదకెళ్లి, డబ్బా బాగా ఊపి, జానెడు జానెడున్నర దూరం నుంచి పల్చగా, ఒకేసారి ముంచీకుండా రెండు మూడు సార్లు కొట్టు. వానాకాలంలో అయితే స్ప్రే జోలికి పోకుండా బ్రష్‌తో రాసే ప్రైమర్ కొనుక్కో, టైం పడితే పట్టింది.

ఆక్రిలిక్ రంగుల్లో నీళ్లు కలుపు, పాలంత పల్చగా. మనకి ఎండల్లో ప్లేట్లోనే రంగు ఆరిపోద్ది కాబట్టి ఫేన్ ఆపి, మూతున్న టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి, దానిమీద బేకింగ్ పేపరు వేసి అక్కడే కలుపుకో. బ్రష్ మరీ చిన్నది కొనకు, అందులో రంగు నిలవదు, మొన కుదిరిన ఒకటో నంబరు చాలు, వెంట్రుకల్ని పట్టుకునే రేకు దాకా మాత్రం ముంచకు. ముందు అసలు రంగులు, ఆరాక వాష్, అంటే బాగా పల్చటి ముదురు రంగు, అది సందుల్లోకి దిగుతాది, ఎక్కడైనా గుంటలా నిలిస్తే బ్రష్ కొసతో పీల్చీ. తర్వాత అంచులకి లేత రంగు. ఈ బొమ్మలకి తల, చేతులు పెద్దగా ఎందుకుంటాయంటే ఇవి బల్ల మీద ఆడే ఆటల బొమ్మలు, బల్లకి అవతలి నుంచి చూసినా తెలియాలని. నువ్వూ కంటి రెప్పల దగ్గర రాత్రంతా కూచోకుండా మొహంలో వెలుగూ నీడా గట్టిగా చూపించు.

కవచం బంగారంలా మెరవాలంటే ఇంట్లో అమ్మమ్మ బుడితి ఇత్తడి చెంబు ఉంది కదా, కిటికీ దగ్గర పెట్టి చూడు, తెల్లగా మెరిసే గీత పక్కనే ఎంత నల్లగా ఉంటాదో. జనం ఆ నలుపు వెయ్యడానికే భయపడతారు. మెటాలిక్ రంగు కడిగిన నీళ్లు వేరే గ్లాసులో ఉంచు, లేకపోతే ఆ తళుకు మిగతా రంగుల్లోకి వచ్చీద్ది.

బొమ్మ నిలబడే కింది బేస్ మీద ఇసక కావాలంటే నాగావళి ఇసక తెచ్చి జల్లించు, కళింగపట్నం బీచ్‌ది వద్దు, ఉప్పు. చివర్లో మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని రక్షణ పూత), దానికీ పొడి రోజే చూసుకో, తేమలో కొడితే తెల్లగా మసక పట్టీద్ది. ప్రైమర్ అయ్యాక ఒక ఫొటో వాట్సాప్‌లో పెట్టు, గీతలేవైనా మిగిలాయేమో చెప్తాను, అప్పుడు రంగులు తియ్యి.

మీ విజయనగరం మావయ్య