రాతిగట్టు కింద చిరచిర

ప్రశ్న: మా వేరుశనగ చేని గట్టున రాయి తిప్పితే, జానెడున్నర పొడవున్న పాము చుట్టలు మెలిపెడుతూ, కాలిన పెనం మీద నీళ్లు చిలికినట్లు చప్పుడు చేసింది. అది రక్తపింజరి పిల్ల అని మా నాన్నగారు అంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: మీరు విన్న చప్పుడును బట్టి అది చిన్నపింజరి అనిపిస్తున్నది. రక్తపింజరి ఊపిరిని బలంగా వదిలి బుస కొడుతుంది. చిన్నపింజరి మాత్రం పక్కలనున్న, రంపపు పళ్ల వంటి గరుకు పొలుసులను ఒకదానితో ఒకటి రాపాడించి ఒంటితోనే చప్పుడు చేస్తుంది. ఎదిగినా సాధారణంగా రెండడుగులకు మించదు కనుక పిల్ల అని పొరబడడం సహజమే. తల మీద బాణపు ములికి వంటి తెల్లని గుర్తు ఉంటే ఇక సందేహం అక్కరలేదు.

వానలు తక్కువగా పడే మీ ప్రాంతంలోని రాతి గుట్టలు, ముళ్లపొదలు, ఇసుక నేలలు దీనికి చక్కగా సరిపోతాయి. పగలు రాళ్ల కింద దాగి, చీకటి పడ్డాక తేళ్లు, జెర్రులు, బల్లులు, చిట్టెలుకల కోసం బయటికి వస్తుంది. నేల తడిసినప్పుడు పొదలపైకి కూడా పాకుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లలనే కంటుంది.

పరిమాణం చూసి తేలికగా తీసుకోకండి. దీని విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది. చిగుళ్ల నుండి రక్తం కారవచ్చు. కాటుపడిన చోట కోయడం, కట్టు బిగించడం మాని, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కాట్లకు వాడే విషహరమే దీనికీ పనిచేస్తుంది. గట్టు రాళ్లను చేతితో కాక గడ్డపారతోనే తిప్పండి.