కరివేపాకు మొక్కలు పోస్టులో పంపుతానంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్ములుకు అత్త ఆశీస్సులు.

నువ్వు బాల్కనీలో పెంచిన కరివేపాకు మొక్కల్ని యూరప్ అంతా అమ్మబోతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఆ చలిలో గింజ మొలకల్ని కాపాడి గది నిండా కుండీలు చేశావట. వింటుంటే కడుపు నిండిపోయింది. మీ తాత తర్వాత మన ఇంట్లో మొక్క మీద ఇంత మనసు పెట్టినవాళ్లు లేరు. కానీ ఆమ్‌స్టర్‌డామ్, డబ్లిన్, లండన్ అంటూ ఆర్డర్లు కూడా రాసుకుంటున్నావని, పోర్చుగల్‌లో పోర్టోలో ఉన్న స్నేహితురాలు పెద్ద చెట్టు పిలకలు ఊరికే పంపుతానందని కూడా చెప్పాడు. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

ప్యాకింగ్ సంగతి ముందు చెప్పేస్తాను. ఇక్కడ నెదర్లాండ్స్‌లో నాల్డ్‌వైక్ గ్లాస్‌హౌసుల దగ్గర ప్యాకింగ్ షెడ్‌లో ఇన్నేళ్లు పనిచేసింది దీనికైనా పనికిరావాలి కదా. మొక్క పంపే ముందు రోజే నీళ్లు పోసెయ్, పంపే రోజు పోయకు. వేరు గడ్డకి పాలిథిన్ చుట్టి కాండం మొదట్లో కట్టు, ఆకులకి మాత్రం ప్లాస్టిక్ తగలనీయకు, చెమ్మ పట్టి నల్లబడతాయి. పక్కన పుల్ల ఆసరా పెట్టు, చుట్టూ కాగితం కూరి మొక్క కదలకుండా చూడు. సోమవారం లేదా మంగళవారం పంపు, శుక్రవారం పంపితే శని ఆదివారాలు గోడౌన్‌లోనే పడుంటుంది. నవంబర్ నుంచి మార్చి దాకా అసలు పంపొద్దు. పది డిగ్రీల కన్నా కిందకి పోతే మన కరివేపాకు తట్టుకోలేదు, రాత్రంతా వ్యాన్‌లో ఉన్న మొక్క దించేసరికి ఆకు రాల్చేసి ఉంటుంది. ఇదంతా రెండు పార్సిళ్లు పంపితే నీకే తెలుస్తుంది. తెలియనిది వేరే ఉంది, దాని కోసమే ఈ ఉత్తరం.

తాడిపత్రి దగ్గర మన చీనీ (బత్తాయి) తోట నీళ్లు లేక పోయిందని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. నీకూ అదే చెప్పి ఉంటారు. నీళ్లు లేక కాదమ్మా. నాకు పెళ్లి కాకముందు ఒక ఏడాది గాలివానకి తోటలో ఒక మూల చెట్లు కూలిపోయాయి. ఆ ఖాళీల్లో నాటడానికి మీ తాత, దగ్గరి చుట్టం ఒకాయన ఊరికే ఇస్తానన్న అంట్లు బండికి ఎత్తించుకుని వచ్చాడు. జంబేరి నిమ్మ మొదలు మీద కట్టిన అంట్లు. ఆకు నిగనిగలాడుతూ ఎంత ముద్దుగా ఉన్నాయో. ఏ చెట్టు నుంచి మొగ్గ తీసి కట్టారు, ఆ చెట్టు ఎలా ఉంది అని మాత్రం ఆయన అడగలేదు. ఊరికే ఇచ్చేవాణ్ణి ఆరా తీస్తే బాగుండదనుకున్నాడు.

కొన్నేళ్లకి అందులో ఒక చెట్టుకి ఒకే ఒక్క కొమ్మ పసుపు తిరిగింది. మిగతా చెట్టంతా పచ్చగానే ఉంది. ఆకు కోసి చూస్తే నడి ఈనెకి ఒక పక్క పచ్చన, ఇంకో పక్క పసుపు మచ్చలు, రెండు పక్కలూ ఒకేలా లేవు. జింకు లోపం అన్నారు ఊళ్లో. మీ తాత జింక్ సల్ఫేట్ కొట్టించాడు. మరుసటి కాపుకి కాయలు ఒక పక్కకి వంకర పోయాయి, తొడిమ దగ్గర రంగు వచ్చినా అడుగు పచ్చగానే ఉండిపోయింది, నోట్లో పెడితే చేదు. అప్పటికి పక్క వరస పాత చెట్లలో కూడా కొమ్మలు పసుపు తిరగడం మొదలైంది. పేరున్న ఆఫీసరు వచ్చి చూసి గ్రీనింగ్ అన్నాడు. దానికి మందు లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అంటుతో వచ్చిన తెగుల్ని చెట్టు నుంచి చెట్టుకి మోసేది సిల్లా అనే పురుగు. నువ్వుగింజంత ఉంటుంది. లేత చిగురు మీద తల ఆనించి, తోక పైకెత్తి వాలుగా కూర్చుంటుంది. దాని పిల్లలు చిగురు సందుల్లో తెల్లటి మైనం పోగులు వదులుతాయి. మా నాన్న వాటిని చూశాడు, దుమ్ము అనుకున్నాడు.

చెట్లు నరికించిన ఏడాది ఆ చుట్టం తోట కూడా పోయింది. అందుకే ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. మీ నాయన చదువు ఆగకూడదని పొలం సగం అమ్మారు, నా పెళ్లికి మిగతాది. ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, కరివేపాకు కూడా నిమ్మ, నారింజల కుటుంబానిదే. ఆ సిల్లాకి చీనీ చిగురెంతో కరివేపాకు చిగురూ అంతే. మన కళ్లకి కూరలో వేసుకునే ఆకు, దానికి గుడ్లు పెట్టుకునే ఇల్లు.

ఇప్పుడు పోర్టో సంగతి. గ్రీనింగ్ తెగులు యూరప్‌కి ఇంకా రాలేదు గానీ దాన్ని మోయగల పురుగు వచ్చేసింది. ఆఫ్రికా జాతి సిల్లా 2014లో స్పెయిన్‌లోని గలీసియాలో కనబడింది, ఆ వెంటనే పోర్టో చుట్టుపక్కల. మన దేశపు సిల్లాని 2023లో సైప్రస్‌లో పట్టుకున్నారు. అందుకే పురుగున్న ప్రాంతాల చుట్టూ హద్దు గీసి, నిమ్మజాతి మొక్కల్ని బయటికి పంపకుండా కట్టడి చేశారు. కింద వాలెన్సియాలో తరతరాలుగా నారింజ మీద బతికే ఊళ్లున్నాయి. నీ స్నేహితురాలు మంచి పిల్లే అయ్యుంటుంది. ఆ పిలకలు మాత్రం తీసుకోకు. ఊరికే వచ్చినా, ఎంత నిగనిగలాడినా తీసుకోకు. ఆల్రెడీ వచ్చి ఉంటే మీ మొక్కల పక్కన పెట్టకుండా సంచిలో మూతి కట్టి, మీ రాష్ట్రంలో మొక్కల ఆరోగ్యం చూసే ఆఫీసుకి ఫోన్ చెయ్యి.

అత్త అతి చేస్తోంది అనుకుంటావేమో. ఇటలీలో సలెంటో ఆలివ్ చెట్ల గురించి చదువు. జైలెల్లా అనే బ్యాక్టీరియాని అక్కడ 2013లో గుర్తించారు. కోస్టారికా నుంచి వచ్చిన అలంకరణ కాఫీ మొక్కతో దిగి ఉంటుందని శాస్త్రవేత్తలు అంటున్నారు. కాఫీ మొక్క తెప్పించుకున్నవాళ్లకి ఆలివ్ చెట్ల మీద పగేమీ లేదు. లక్షల చెట్లు ఎండిపోయాయి, వందల ఏళ్ల నాటివి కూడా ఉన్నాయి వాటిలో.

ఇక కాగితాలు. పక్కింటావిడకి చేత్తో ఒక మొక్క ఇస్తే ఎవరూ ఏమీ అనరు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ తీసుకుని అమ్మితే, కొనేది ఇంట్లో పెంచుకునేవాళ్లే అయినా, యూరోపియన్ యూనియన్ లోపల కూడా ప్లాంట్ పాస్‌పోర్ట్ ఉండాల్సిందే. 2019 డిసెంబర్ 14 నుంచి ఇదే చట్టం. పాస్‌పోర్ట్ అంటే చిన్న లేబుల్, ఎడమ పక్క పైన యూనియన్ జెండా, కింద మొక్క శాస్త్రీయ నామం, నీ రిజిస్ట్రేషన్ నంబర్, ఏ బ్యాచో తెలిపే కోడ్, పుట్టిన దేశం. ఇంట్లో ప్రింట్ తీసి అంటించేస్తే చాలదు. ముందు మీ రాష్ట్ర ఆఫీసులో రిజిస్టర్ అవ్వాలి, పాస్‌పోర్ట్ ఇచ్చే అనుమతి తీసుకోవాలి, ఏడాదికి ఒకసారైనా వాళ్లు వచ్చి చూస్తారు. ఎవరి దగ్గర కొన్నావు, ఎవరికి అమ్మావు అన్న లెక్క మూడేళ్లు దాచాలి. అదేదో వేధింపులా చూడకు. మీ తాత దగ్గర ఆ ఒక్క లెక్క ఉండి ఉంటే అంట్లు దిగకముందే వెనక్కి పంపేవాడు.

డబ్లిన్‌కి ఈ పాస్‌పోర్ట్‌తో పంపొచ్చు, బెల్‌ఫాస్ట్‌కి కూడా. లండన్ వేరు. 2021 జనవరి 1 నుంచి మొక్కలు పంపే లెక్కలో అది యూనియన్‌కి బయటి దేశం. ఇన్‌స్పెక్టర్ మొక్కని చూసి ఇచ్చే ఫైటోసానిటరీ సర్టిఫికెట్ ప్రతి పార్సిల్‌కీ విడిగా కావాలి, దాని ఫీజు నీ మొక్క ధరని మించిపోతుంది. మా వీధిలో తమ్ముడొకడు ఆ జనవరిలోనే ‘బహుమతి’ అని రాసి లండన్‌కి రెండు పిలకలు పంపాడు. సరిహద్దులో ఆపి కాల్చేశారు. కాబట్టి లండన్ వాళ్ల డబ్బు ఇవాళే వెనక్కిచ్చెయ్యి, మొహమాటపడకు. ఇండియా నుంచి సూట్‌కేసులో గింజలో మొక్కలో తెచ్చే ఆలోచన ఉంటే అది కూడా మానుకో. తాజా మొక్కలు, పండ్లలో కాగితం లేకుండా తెచ్చుకోవడానికి వీలున్నవి అనాస, కొబ్బరి, దురియన్, అరటి, ఖర్జూరం పండ్లు మాత్రమే.

కోప్పడ్డానా? కోపం కాదే. నువ్వు పెంచిన మొక్క ఎవరి ఇంట్లోనో పోపు వాసన అవుతుందంటే నాకెంత సంతోషమో నీకు తెలీదు. ఈ శనివారం తీరిక చేసుకుని ఒక్కో కుండీలో లేత చిగుళ్ల సందులు, ఆకుల వెనకలు ఫోటో తీసి నాకు పంపు. ఫోన్ దగ్గరగా పెట్టి, వెలుతురులో తియ్యి. తెల్లటి పోగు ఏది కనబడినా, దుమ్ములా ఉన్నా సరే, దానికి విడిగా ఫోటో తీసి పంపు, నేను చూస్తాను. పాస్‌పోర్ట్ అనుమతి వచ్చాక మొదటి మొక్క నాకే అమ్ము. అత్త కదా అని డబ్బు వద్దనకు, లెక్కలో పేరు రాసుకో.

మీ అత్త