కలకండ పక్కనే కర్పూరం

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. పోయిన శుక్రవారం దీపం పెట్టి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి దేవుడి అరలో కలకండ డబ్బా పక్కనున్న కర్పూరం డబ్బా బోర్లించి ఉంది. వాడి నోరంతా కర్పూరం వాసన. మా అత్తగారు పాలు పట్టి, ఉప్పునీళ్లతో కక్కించబోయారు. అరగంటలోపే ఫిట్స్ వచ్చింది. ఆసుపత్రిలో ఒక రోజు ఉంచి పంపారు. ఇప్పుడు చలాకీగానే ఉన్నాడు. పాలు పట్టడం తప్పా? ఫిట్స్ మళ్లీ వస్తుందా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: రెండో ప్రశ్నే మీకు నిద్ర పట్టనివ్వడం లేదని తెలుస్తూనే ఉంది. కర్పూరం వల్ల వచ్చిన ఫిట్స్, అది ఒంట్లోంచి పోయాక సాధారణంగా తిరగబెట్టదు. మళ్లీ వస్తే మాత్రం కారణం వేరే ఉంటుంది, వెంటనే చూపించండి.

ఇక పాలు. కర్పూరం నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో ఇట్టే కరుగుతుంది. జలుబుకు కొబ్బరినూనెలో వేసి కాచే ప్రతి అమ్మమ్మకూ ఈ సంగతి తెలుసు. (పసివాళ్లకు అదీ వద్దనే అంటాను.) కొవ్వు తోడైతే అది ఒంటికి త్వరగా ఎక్కే అవకాశం ఉంది కనుక పాలు పట్టవద్దంటాం. మీవాడికి పాల వల్లే ఫిట్స్ వచ్చిందని నేననను. అత్తగారినీ ఏమీ అనకండి.

నాకు గుండె ఝల్లుమన్నది ఉప్పునీళ్ల దగ్గర. కర్పూరం తిన్న పిల్లవాడు ఆడుకుంటూ ఆడుకుంటూనే కొయ్యబారిపోతాడు. అయిదు నిమిషాల్లో కావచ్చు, గంటన్నరకు కావచ్చు. సరిగ్గా కక్కేటప్పుడే ఫిట్స్ వస్తే ఆ కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా ఉప్పు ఎక్కువైతే అదే మరో విషం.

ఒక్క గ్రాము కర్పూరంతో పసివాళ్లు చనిపోయిన ఉదంతాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి. కనుక ‘కొంచెమేగా, చూద్దాం’ అనుకోకూడదు. నోట్లో మిగిలిన ముక్కలు తడిగుడ్డతో తీసేసి, 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా పట్టుకుని బయలుదేరడమే. దారిలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, పళ్ల మధ్య చెంచా వద్దు. దీనికి విరుగుడు మందంటూ లేదు. ఆసుపత్రిలో ఫిట్స్ ఆపే మందిచ్చి, ఊపిరి కనిపెట్టుకుని ఉంటారు. ఫిట్స్ రాకపోయినా కొన్ని గంటలు అక్కడే ఉంచాలి.

రోజూ ఆ అరలోంచే వాడికి కలకండ ముక్క ప్రసాదం పెడుతున్నారు, అవునా? ఇదీ తెల్లనిదే, అదీ తెల్లనిదే. వాడి తప్పేముంది? కర్పూరాన్ని తాళం వేసే బీరువాలోకి మార్చండి. అలాగే అత్తగారి తలగడ కింద నొప్పుల బామ్ ఉందేమో చూడండి. చాలా బామ్‌లలో ఉండేదీ కర్పూరమే.